మోడల్ టి ఫోర్డు కారు గేరు బ్యాండ్లు: అరుగుదల, లోపాల గుర్తింపు, మరమ్మతు

మోడల్ టి ఫోర్డు కారు గేరుబాక్సులో పక్కపక్కనే మూడు డ్రమ్ములు తిరుగుతుంటాయి. ఒక్కో డ్రమ్ము చుట్టూ ఒక్కో ఉక్కు పట్టీ వదులుగా చుట్టి ఉంటుంది. ఈ పట్టీలనే బ్యాండ్లు అంటారు. బ్యాండు లోపలి వైపు దళసరి నేతగుడ్డ లైనింగు రివెట్లతో బిగించి ఉంటుంది. డ్రైవరు పెడలు తొక్కగానే ఆ పెడలుకు చెందిన బ్యాండు బిగిసి తన డ్రమ్మును పట్టి ఆపుతుంది. ఒక డ్రమ్ము ఆగితే కారు మెల్లగా ముందుకు కదులుతుంది, రెండోది ఆగితే వెనక్కి నడుస్తుంది, మూడోది ఆగితే నిలిచిపోతుంది. లో గేరు, రివర్సు, కాలి బ్రేకు ఈ మూడింటికీ ఆధారం బ్యాండు పట్టే. అందుకే పాత మోడల్ టి నడిపేవారికి బ్యాండ్ల అరుగుదల గురించిన తెలివిడి ప్రాణరక్షణకు కూడా సంబంధించినది.

బ్యాండు లైనింగు అరగడం లోపం కాదు. తాను అరిగి డ్రమ్మును కాపాడడమే దాని పని. దాని అరుగుదలను సకాలంలో గుర్తించకపోవడమే అసలు లోపం. చవకగా మార్చగలిగే గుడ్డపీలికను నిర్లక్ష్యం చేస్తే డ్రమ్ములు, బేరింగులు, ఒక్కోసారి ఇంజనే చెడిపోతాయి.

నేపథ్యం

మోడల్ టి తయారీ 1908లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, పికెట్ అవెన్యూ కర్మాగారంలో మొదలైంది. తర్వాత హైలాండ్ పార్క్ కర్మాగారానికి మారింది. 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైను పద్ధతి రావడంతో తయారీ ఖర్చు బాగా తగ్గి, రైతులకూ చిరుద్యోగులకూ కూడా కారు అందుబాటులోకి వచ్చింది. 1927 మే నెలలో తయారీ ముగిసేనాటికి కోటీ యాభై లక్షల కార్లు బయటికొచ్చాయి. వాటిని కొన్నవారిలో చాలామంది అంతకు ముందు గుర్రబ్బండి తప్ప మరో వాహనం తోలి ఎరుగరు.

ఆ రోజుల్లో ఇతర కార్లలో గేరు మార్చాలంటే తిరుగుతున్న రెండు పళ్ళచక్రాలను ఒకదానిలోకి ఒకటి జరపాలి. వేగం కుదరకపోతే పళ్ళు కరకరలాడేవి, విరిగేవి. హెన్రీ ఫోర్డు, ఆయన ఇంజనీర్లు దీనికి బదులు ప్లానెటరీ గేర్లను ఎంచుకున్నారు. ఇందులో పళ్ళచక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. ఏ డ్రమ్మును ఆపాలో పెడలుతో చెబితే చాలు. కొత్తగా బండి నేర్చుకునేవారు కూడా గేరు పళ్ళు విరగ్గొట్టే ప్రమాదం లేకపోయింది. పళ్ళు పడాల్సిన దెబ్బను బ్యాండు లైనింగు తన మీద వేసుకుంది.

ఈ కార్లు భారతదేశానికీ వచ్చాయి. బ్రిటన్ మినహా బ్రిటిష్ సామ్రాజ్య దేశాలలో ఫోర్డు కార్ల వ్యాపార హక్కులు కెనడా ఫోర్డు కంపెనీవి. దాని అనుబంధంగా 1926లో బొంబాయిలో ఫోర్డు భారత కంపెనీ ఏర్పడింది.

నిర్మాణం

మోడల్ టిలో గేరుబాక్సు ఇంజను వెనకనే, ఫ్లైవీలుకు ఆనుకుని ఉంటుంది. రెండింటికీ అడుగు తొట్టి ఒకటే, ఆయిలు ఒకటే. ఇంజను బేరింగులను తడిపే ఆయిల్లోనే బ్యాండ్లు, క్లచ్ పలకలు కూడా మునిగి తేలుతుంటాయి. బ్యాండ్ల జబ్బు ఇంజనుకు పాకడానికి ఈ ఏర్పాటే కారణం.

ఫ్లైవీలు మీద మూడు పిన్నులు, ఒక్కో పిన్ను మీద మూడు పళ్ళచక్రాలు కలిపి బిగించిన ఒక్కో జట్టు ఉంటాయి. జట్టులోని చక్రాలకు వరుసగా 27, 33, 24 పళ్ళు. నడిమధ్యన ఇరుసు చుట్టూ మరో మూడు చక్రాలుంటాయి. వెనక చక్రాలకు శక్తినిచ్చే దానికి 27 పళ్ళు, లో డ్రమ్ముకు అతికిన దానికి 21, రివర్సు డ్రమ్ముకు అతికిన దానికి 30. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టు పిన్నుల మీది చక్రాలు నడిమి చక్రాల చుట్టూ తిరుగుతాయి కనుక దీనికి ప్లానెటరీ గేరు అన్న పేరు వచ్చింది.

డ్రమ్ములు పోత ఇనుముతో చేసినవి. ఫ్లైవీలుకు దగ్గరగా రివర్సు డ్రమ్ము, దాని తర్వాత లో డ్రమ్ము, చివర బ్రేకు డ్రమ్ము ఉంటాయి. బ్రేకు డ్రమ్ము లోపలే ఉక్కు పలకల క్లచ్ ఇమిడి ఉంటుంది. 1926 మోడలు ముందు వరకు మూడు బ్యాండ్ల వెడల్పూ అంగుళం మీద ఎనిమిదో వంతు. 1926 మోడలులో బ్రేకు డ్రమ్మును వెడల్పు చేశారు, దాని బ్యాండు అంగుళంముప్పావు వెడల్పుకు పెరిగింది. బ్యాండు రెండు కొసలనూ పైకి తిప్పి చెవుల్లా మలిచారు. పెడలు కడ్డీ ఆ చెవులను దగ్గరికి నొక్కుతుంది. కాలు తీయగానే చెవుల మధ్య ఉన్న స్ప్రింగు వాటిని విడదీస్తుంది.

కాలి కింద మూడు పెడళ్ళు. ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగంలో ఆపితే న్యూట్రల్, వదిలేస్తే హై గేరు. మధ్యది రివర్సు. కుడిది బ్రేకు. వీటితోపాటు ఒక చేతి లీవరు ఉంటుంది. దాన్ని పూర్తిగా వెనక్కి లాగితే వెనక చక్రాల్లోని చిన్న బ్రేకులు పడతాయి, క్లచ్ కూడా విడిపోతుంది. నిలువుగా ఉంచితే న్యూట్రల్. ముందుకు తోస్తే హై గేరుకు దారి ఇస్తుంది.

పనిచేసే తీరు

లో బ్యాండు తన డ్రమ్మును ఆపినప్పుడు 21 పళ్ళ చక్రం నిలిచిపోతుంది. 33 పళ్ళ చక్రం దాని చుట్టూ దొర్లుతూ 27 పళ్ళ చక్రాన్ని మెల్లగా తిప్పుతుంది. లెక్క వేస్తే ఇంజను 2.75 చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. రివర్సు బ్యాండు 30 పళ్ళ చక్రాన్ని ఆపితే ఇంజను నాలుగు చుట్లకు షాఫ్టు ఒక చుట్టు, అదీ వెనక్కి. హై గేరులో క్లచ్ పలకలు బిగుసుకుని డ్రమ్ములు, పళ్ళచక్రాలు, ఫ్లైవీలు అన్నీ ఒకే ముద్దగా తిరుగుతాయి.

లోపం వెతికేవారికి ఇందులో రెండు ఆధారాలు దొరుకుతాయి. మొదటిది: హై గేరులో బ్యాండ్లకు ఏ పనీ ఉండదు. కాబట్టి హై గేరులో ఇంజను అరుస్తూ బండి వేగం పుంజుకోకపోతే తప్పు బ్యాండుది కాదు, క్లచ్‌ది. రెండోది: హై గేరులో మూడు డ్రమ్ములూ ఇంజను వేగంతో తిరుగుతుంటాయి. ఆ సమయంలో ఏ బ్యాండు తన డ్రమ్మును రాసుకుంటున్నా అది కనపడని బ్రేకులా పనిచేసి ఇంజనును వేడెక్కిస్తుంది.

బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు లో డ్రమ్ము ఇంజనుకు ఎదురు దిశలో, ఇంజను వేగంలో సగానికి మించి తిరుగుతుంటుంది. రివర్సు డ్రమ్ము మాత్రం ఇంజను దిశలోనే అయిదో వంతు వేగంతో తిరుగుతుంది. ఆగి ఉన్న బండిని కదిలించే ప్రతిసారీ ఆ ఎదురు చుట్లన్నిటినీ లో బ్యాండే ఆపాలి. ఊళ్ళో ఆగుతూ సాగుతూ తిరిగే బండిలో లో బ్యాండు ముందుగా అరగడానికి ఇదే కారణం.

అరుగుదలకు కారణాలు

పెడలును సగం సగం తొక్కి నడపడం అన్నిటికన్నా పెద్ద కారణం. లో పెడలును గట్టిగా, ఒకే ఊపులో తొక్కితే బ్యాండు కాసేపే జారి గట్టిగా పట్టుకుంటుంది. కాలు నెమ్మదిగా దించుతూ పోతే జారినంతసేపూ గుడ్డ కాలుతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది.

రెండో కారణం తప్పు బిగింపు. వదులైన బ్యాండు జారి అరుగుతుంది. అతిగా బిగించిన బ్యాండు పెడలు మీద కాలు లేకపోయినా డ్రమ్మును రాసుకుని అరుగుతుంది. బ్యాండు గుండ్రతనం కోల్పోవడం మూడోది. ఎవరో చెవులు పట్టి బలంగా విడదీస్తే ఉక్కు పట్టీ వంకరపోతుంది, ఆ తర్వాత అది డ్రమ్మును రెండు మూడు చోట్ల మాత్రమే తాకుతుంది. ఆ చోట్లే లైనింగు త్వరగా పోతుంది.

పాత ఆయిలు మరో కారణం. మాడి చిక్కబడిన ఆయిలు గుడ్డ పోగుల్లో ఇంకి గట్టిపడితే లైనింగు పైభాగం అద్దంలా నున్నబడుతుంది. అటువంటి లైనింగు మందంగానే ఉన్నా పట్టు ఉండదు.

లక్షణాలు, నిర్ధారణ

మంచి మెకానిక్కు పానా పట్టుకునే ముందు బండి నడుపుతాడు. కంటి కన్నా ముందు కాలికే బ్యాండు సంగతి తెలుస్తుంది.

లో గేరు జారడం: ఎడమ పెడలు నేలపలక దాకా దిగినా బండి బద్ధకంగా కదులుతుంది, ఇంజను మాత్రం అరుస్తుంది. చిన్న మెట్ట ఎక్కేటప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. పెడలు నేలపలకను తాకితే బ్యాండును ఇంకా బిగించే దారి ఉండదు. కాలి బలమంతా చెక్కకే పోతుంది. మొదట బిగింపు సరిచూడాలి. బిగించినా కొద్ది మైళ్ళకే మళ్ళీ జారితే లైనింగు అయిపోయినట్టు.

బ్రేకు పెడలు లోతుకు దిగడం: దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు తిరగడం మానేసి రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. పెడలు అడుగుకు చేరకముందే ఆ పట్టు రావాలి.

కుదుపుతో పట్టుకోవడం: పెడలు తొక్కగానే బండి దడదడలాడుతూ ఎగిరెగిరి కదులుతుంది. లైనింగు నున్నబడి గట్టిపడినా, రివెట్లు పైకి తేలినా, డ్రమ్ము మీద గాళ్ళు పడినా, బ్యాండు వంకరపోయినా ఇదే లక్షణం. దీనికి బిగింపు మందు కాదు. బిగించిన కొద్దీ కుదుపు పెరుగుతుంది. ఇంజను పీఠాలు, ఇరుసు కీళ్ళు కూడా ఈ కుదుపుల వల్ల దెబ్బతింటాయి.

విడవకుండా రాసుకోవడం: చదునైన చోట హై గేరు నుంచి న్యూట్రల్‌లోకి తీస్తే బండి స్వేచ్ఛగా దొర్లాలి. ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతే ఏదో ఒక బ్యాండు డ్రమ్మును వదలడం లేదు. రేడియేటరులో నీళ్ళు త్వరగా మరగడం కూడా దీనికి తోడైతే అనుమానం బలపడుతుంది. బ్యాండు స్ప్రింగు విరిగినా ఇలాగే ఉంటుంది.

ముందుకు పాకడం: ఇంజను స్టార్టయిన వెంటనే లీవరు న్యూట్రల్‌లో ఉన్నా బండి ముందుకు జరుగుతుంది. దీనికి మూడు కారణాలున్నాయి, వాటిని విడదీసి చూడాలి. చలికి చిక్కబడిన ఆయిలు క్లచ్ పలకలను అంటించి ఉంచితే ఇంజను వేడెక్కాక పాకడం తగ్గిపోతుంది. వేడెక్కాక కూడా తగ్గకపోతే లో బ్యాండును కాస్త వదులు చేసి చూడాలి. అప్పుడు ఆగితే బ్యాండు అతిగా బిగిసి ఉన్నట్టు. అప్పటికీ ఆగకపోతే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట, క్లచ్ లీవరు స్క్రూను సరిచేయాలి. చేత్తో హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేవారి మీదికి బండి పాకి ఎక్కే ప్రమాదం ఉంది కనుక, ఈ పరీక్ష చేసేటప్పుడు చక్రాల కింద చెక్కలు పెట్టడం తప్పనిసరి.

రివర్సు జారడం: రివర్సు బ్యాండుకు పని తక్కువ కనుక మామూలుగా అది చివర్లో అరుగుతుంది. అయితే ఏటవాలు కొండ రోడ్ల మీద నడిచిన బండ్లలో ఇది తారుమారవుతుంది. తొలి మోడళ్ళ పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండి, ఇంధనం వాలుకు దానంతట అదే కార్బురేటరులోకి దిగేది. ఏటవాలు మరీ ఎక్కువైతే పెట్రోలు అందేది కాదు. అందుకే డ్రైవర్లు బండిని తిప్పి రివర్సులో కొండ ఎక్కేవారు.

మూత తీసి చూడడం

లక్షణాల వల్ల అనుమానం కలిగాక గేరుబాక్సు లోపలికి తొంగి చూడాలి. నేలపలకలు ఎత్తి, డ్రైవరు పాదాల దగ్గర గేరుబాక్సు పైనున్న చిన్న తలుపు స్క్రూలు విప్పాలి. తలుపు తీయగానే వాసనే మొదటి సాక్ష్యం. మంచి ఆయిలు వాసనకు మాడిన గుడ్డ కమురు తోడైతే బ్యాండు చాలాకాలంగా జారుతోందని అర్థం.

టార్చి వెలుగులో మూడు డ్రమ్ముల వీపులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న డ్రమ్ము బూడిదరంగులో, ఆయిలు తడితో సమంగా మెరుస్తుంది. నీలిరంగు మచ్చలు కనిపిస్తే అక్కడ విపరీతంగా వేడి పుట్టినట్టు. హ్యాండిలుతో ఇంజనును మెల్లగా తిప్పిస్తూ డ్రమ్ము అంచు నుంచి అంచుకు పోయే వెంట్రుకంత సన్నని గీతల కోసం వెతకాలి. అవి పగుళ్ళు. డ్రమ్ము చుట్టూ వరస గాళ్ళు ఉంటే అవి పైకి తేలిన రివెట్లు గీసినవి. గోటితో లాగి చూస్తే గాడి లోతు తెలుస్తుంది. గోరు తట్టుకునేంత లోతున్న డ్రమ్ము మీద కొత్త లైనింగు వేసినా ఎక్కువ రోజులు నిలవదు.

తర్వాత బ్యాండు అంచు దగ్గర లైనింగు మందం చూడాలి. ఉక్కు పట్టీకి, డ్రమ్ముకు మధ్య గుడ్డ దళసరిగా కనిపించాలి. రివెట్టు తల గుడ్డలోకి బాగా దిగి ఉండాలి. గుడ్డ పేలికలు వేలాడుతున్నా, రివెట్టు తల ఇత్తడి మెరుపుతో కనిపిస్తున్నా ఆలస్యం లేకుండా లైనింగు మార్చాలి.

తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఒక జాగ్రత్త తప్పదు. చేతిలోంచి జారిన నట్టుగానీ వాషరుగానీ నేరుగా పళ్ళచక్రాల మధ్యకు, అక్కడి నుంచి ఫ్లైవీలు చుట్టూ ఉన్న అయస్కాంతాల మధ్యకు పోతుంది. దాన్ని అలాగే వదిలి ఇంజను స్టార్టు చేస్తే ఇంజనుకు కరెంటు పుట్టించే మాగ్నెటో ముక్కలవుతుంది. అందుకే తలుపు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, విప్పిన ప్రతి నట్టునూ లెక్కపెట్టి పళ్ళెంలో వేయాలి. పని ముగిశాక మొదట ఆ గుడ్డ తీశామా అని చూసుకుని, లెక్క సరిపోయాకే తలుపు మూయాలి.

బిగింపు

లో బ్యాండును బిగించడానికి తలుపు తీయాల్సిన పని లేదు. గేరుబాక్సు కుడివైపు బయట ఒక స్క్రూ, దాని మీద లాక్ నట్టు ఉంటాయి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను కుడివైపు తిప్పితే బ్యాండు బిగుస్తుంది. రివర్సు, బ్రేకు బ్యాండ్ల నట్లు లోపల, పెడలు కడ్డీల మీద ఉంటాయి. తలుపు తీసి వాటిని కుడివైపు తిప్పాలి.

ఎంత బిగించాలన్నది కాలితో తేల్చుకోవాలి. గట్టిగా తొక్కినప్పుడు పెడలుకు, నేలపలకకు మధ్య అంగుళానికి పైగా ఎడం మిగలాలి. వదిలినప్పుడు బ్యాండు డ్రమ్మును ఏ మాత్రం తాకకూడదు. ఎడమ పెడలులో మరో సూక్ష్మం ఉంది. హై గేరుకు, లో గేరుకు మధ్య న్యూట్రల్ స్పష్టంగా దొరకాలి. లో బ్యాండును మితిమీరి బిగిస్తే ఆ న్యూట్రల్ కరిగిపోతుంది. హై వదిలే లోపే లో పట్టుకుంటుంది. ఒకసారికి అర చుట్టుకు మించకుండా తిప్పి, కాస్త దూరం నడిపి, మళ్ళీ చూడడం మంచి పద్ధతి.

హై గేరు జారుతుంటే సరిచేయాల్సింది క్లచ్ వేళ్ళను, అంటే పలకలను నొక్కి బిగించే చిన్న లీవర్లను. అవి మూడు. ప్రతి వేలికి ఒక స్క్రూ, అది తిరగకుండా ఒక కాటరు పిన్ను ఉంటాయి. మూడు స్క్రూలనూ సమానంగా, అర చుట్టు చొప్పున తిప్పి, పిన్నులు మళ్ళీ గట్టిగా వంచాలి. ఒక్క పిన్ను ఊడినా లోపలి భాగాలన్నీ దెబ్బతింటాయి.

లైనింగు మార్పిడి

పాత మోడళ్ళలో బ్యాండు ఒకే ముక్క, దాని చెవులు ఊడవు. వాటిని బయటికి తీయాలంటే పెడళ్ళతో సహా గేరుబాక్సు పైమూత ఎత్తాలి. 1919 నుంచి వచ్చిన స్టార్టరు మోటారు ఉంటే, ముందు దాని బెండిక్స్ గేరు విప్పి ఆ తర్వాతే మోటారు తీయాలి.

మూత ఎత్తాక ఒక్కో బ్యాండునూ ముందుకు, ఫ్లైవీలు మీది పళ్ళచక్రాల జట్ల మీదికి జరపాలి. బ్యాండు చెవులు కిందికి తిరగడానికి తొట్టిలో చాలినంత ఖాళీ ఉన్న చోటు అదొక్కటే. మూడు జట్లలో ఒకటి నడినెత్తికి కాస్త కుడివైపు ఉండేలా ఇంజనును తిప్పి ఉంచితే పని తేలికవుతుంది. అక్కడ బ్యాండును తలకిందులుగా తిప్పి పైకి లాగితే చేతికి వచ్చేస్తుంది. బిగించేటప్పుడు ఇదే వరుసను వెనక నుంచి చేయాలి.

తీసిన బ్యాండు నుంచి పాత రివెట్లు తొలగించి, ఉక్కు పట్టీని విడి డ్రమ్ము మీద చుట్టి గుండ్రతనం పరీక్షించాలి. కొత్త లైనింగును మధ్య నుంచి కొసలకు ముడత లేకుండా సాగదీస్తూ రివెట్టు వేయాలి. రివెట్టు తోకలు రెండుగా చీలి ఉక్కు పట్టీ మీద చదునుగా పరుచుకోవాలి. తల గుడ్డ మట్టానికి కిందికి దిగాలి. నూలు లైనింగును బిగించే ముందు రాత్రంతా ఆయిల్లో నానబెట్టడం ఆనవాయితీ. పొడి గుడ్డ మొదటి తొక్కుకే మాడుతుంది.

మూత తిరిగి దించేటప్పుడు బ్యాండ్ల చెవులు తలో దిక్కుకు వాలి పెడలు కడ్డీలకు అందవు. మూడు బ్యాండ్ల చెవుల చుట్టూ ఒక దారం కట్టి వాటిని నిటారుగా నిలిపి, మూత సరిగా కూర్చున్నాక దారం లాగేయడం దీనికి పాతకాలపు ఉపాయం. క్లచ్ విడిపించే ఉంగరం తన గాడిలో కూర్చుందో లేదో అప్పుడే చూడాలి. అది తప్పితే మూత మళ్ళీ ఎత్తాల్సిందే.

1926 మోడలు నాటికి ఒక చెవి ఊడదీయగల బ్యాండ్లు వచ్చాయి. వీటిని చిన్న తలుపులోంచే బయటికి లాగి మార్చవచ్చు. అనేకమంది యజమానులు పాత బండ్లకు కూడా ఇటువంటి బ్యాండ్లే వేస్తున్నారు.

లైనింగు రకాలు

నూలు నేత అసలు మోడల్ టి లైనింగు. మెత్తగా పట్టుకుంటుంది, డ్రమ్మును గాయపరచదు, చవక. అయితే త్వరగా అరుగుతుంది, పోగులు రాలుస్తుంది. మొదటిసారి బండి కొన్నవారికి దీని మెత్తదనమే మంచి గురువు.

చెక్క లైనింగు కూడా వాడుకలో ఉంది. చెక్క ముక్కలు వంచి చేసిన ఈ లైనింగు పట్టు బాగుంటుంది, పోగులు రాలవు. కొత్తలో డ్రమ్ముకు ఒదిగేదాకా కుదుపులుంటాయి, మొదటి మైళ్ళలో పలుమార్లు బిగింపు సరిచూడాలి. ఎక్కువసేపు జారనిస్తే బొగ్గవుతుంది.

కెవ్లార్ అనే కృత్రిమ పోగు 1965లో అమెరికా రసాయన కంపెనీ డ్యూపాంట్‌లో స్టెఫానీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త పరిశోధనలో పుట్టింది. ఈ పోగుతో నేసిన లైనింగు చాలా ఏళ్ళు మన్నుతుంది. కానీ తాను కాలదు కనుక వేడిని డ్రమ్ము మీదికే తోస్తుంది. బిగింపు సరిగా లేని కెవ్లార్ బ్యాండు డ్రమ్ముకు పగుళ్ళు తెస్తుంది. అరగని లైనింగు వేసుకున్నవారు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా బిగింపు చూసుకోవాలి.

ఎప్పుడో వేసిన, ఏ సరుకో తెలియని పాత లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. అటువంటివి పొడిగా గీకకూడదు, గాలి కొట్టి దులపకూడదు. ఆయిలు తడితోనే తీసి సంచిలో మూటకట్టాలి.

రాలిన పోగులు చేసే హాని

మోడల్ టిలో ఆయిలు పంపు లేదు. తిరుగుతున్న ఫ్లైవీలు, దాని మీద ఉన్న 16 అయస్కాంతాలు ఆయిలును ఎగజిమ్ముతాయి. అందులో కొంత ఒక గరాటులో పడి, సన్నని గొట్టం గుండా ఇంజను ముందుభాగానికి దిగుతుంది. బ్యాండ్ల నుంచి రాలిన పోగులు ఆ గరాటు నోట్లో పేరుకుంటే ముందు భాగానికి ఆయిలు అందదు. మొదట దెబ్బతినేవి ముందువైపు బేరింగులు. కొండ ఎక్కేటప్పుడు ఆయిలు వెనక్కి వాలుతుంది కనుక ప్రమాదం ఇంకా ఎక్కువ.

అవే పోగులు గేరుబాక్సు మూత పైనున్న మాగ్నెటో ముల్లు కింద చేరితే కరెంటు బలహీనపడి ఇంజను తడబడుతుంది. లక్షణం ఇంజనులో కనిపిస్తుంది, కారణం మాత్రం బ్యాండులో ఉంటుంది. కాబట్టి అరిగిన నూలు లైనింగు తీసిన ప్రతిసారీ ఆయిలు మార్చాలి, మాగ్నెటో ముల్లు తీసి తుడవాలి, గొట్టం శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవాలి. పోగులు పట్టే జాలీ, బయటి నుంచి వేసే అదనపు ఆయిలు గొట్టం కూడా వాడుకలో ఉన్నాయి.

భద్రత

కాలి బ్రేకు చక్రాల దగ్గర లేదు, గేరుబాక్సులో ఉంది. దాని పట్టు షాఫ్టు గుండా, వెనక ఇరుసు గేర్ల గుండా చక్రాలకు చేరాలి. ఆ దారిలో ఏది తెగినా ఎంత కొత్త బ్యాండు ఉన్నా బండి ఆగదు. పాత బండ్ల వెనక ఇరుసులో బాబిట్ లోహపు వాషర్లు ఉంటాయి. అవి పిండి పిండి అయితే పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, బ్రేకు పోతుంది. వాటి బదులు కంచు వాషర్లు వేయడం, వెనక చక్రాలకు విడిగా బయటి బ్రేకులు అమర్చడం రోడ్డు మీద నడిపే ప్రతి మోడల్ టికీ మేలు.

బ్రేకు బ్యాండు ఒక్కటే చెడితే మాత్రం ఆపడానికి ఇంకా దారులున్నాయి. థ్రాటిల్ మూసి లో పెడలు తొక్కవచ్చు. అది చాలకపోతే రివర్సు పెడలు కూడా బండిని ఆపుతుంది. చెడిన బ్యాండు ఏ సూత్రంతో పనిచేసేదో అదే సూత్రం మరో రెండు బ్యాండ్లలో మిగిలి ఉండడం ఈ నిర్మాణంలోని గొప్ప సుగుణం. కొత్త డ్రైవరు ఖాళీ మైదానంలో ఈ మూడు విధాలా ఆపడం సాధన చేసి రోడ్డెక్కాలి.

నడిపే తీరు

బ్యాండ్ల ఆయుష్షు చాలావరకు పాదం చేతిలోనే ఉంటుంది. బండిని కదిలించేటప్పుడు థ్రాటిల్ కొద్దిగా ఇచ్చి లో పెడలును తడబాటు లేకుండా తొక్కాలి. పట్టుకున్నాకే ఇంకా థ్రాటిల్ ఇవ్వాలి. పట్టుకోకముందే ఇంజనును అరిపించకూడదు. పల్లం దిగేటప్పుడు ఇంజను నిగ్రహాన్ని వాడుకుంటూ, బ్రేకు పెడలును తొక్కుతూ వదులుతూ ఉండాలి. డ్రమ్ము చల్లబడడానికి ఆ మధ్య విరామాలే చాలు. పెడలు మీద ఊరికే కాలు ఆనించి నడిపే అలవాటు మాత్రం ఒక వేసవిలో లైనింగును తినేస్తుంది.

తర్వాతి కాలం

1927 చివర్లో మోడల్ టి స్థానంలో వచ్చిన మోడల్ ఎ కారులో ఫోర్డు కంపెనీ బ్యాండ్లను వదిలి, పళ్ళు జరిపే మూడు వేగాల గేరుబాక్సుకు మారింది. అయితే పద్ధతి అంతరించలేదు. జనరల్ మోటార్స్ 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో తెచ్చిన హైడ్రామాటిక్ ఆటోమేటిక్ గేరుబాక్సులో మళ్ళీ ప్లానెటరీ చక్రాలు, డ్రమ్ములు, బ్యాండ్లే ఉన్నాయి. పాదం చేసే పనిని ఆయిలు ఒత్తిడి చేసింది.

నేడు మిగిలిన మోడల్ టి కార్లలో చాలావాటి డ్రమ్ములు కర్మాగారంలో పోతపోసినవే. వాటి వయసు నూరేళ్ళ చుట్టూ ఉంటుంది. లైనింగు మాత్రం ఎన్నిసార్లు మారిందో లెక్క ఉండదు. పెడలు కాస్త లోతుకు దిగిన రోజునే బిగింపు చూసి, బిగింపు నిలవని రోజునే గుడ్డ మార్చిన చేతులు వరసగా ఉండబట్టే ఆ పోత ఇనుము ఇంతకాలం నిలిచింది.